ఒక్క డ్యూక్‌తోనే ముగిసిన రాజ్యం: ఐజెన్‌బెర్గ్

జర్మనీలోని యేనాలో మా చెల్లెలు చదువుకుంటోంది. తనని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి ఐజెన్‌బెర్గ్ చూసొచ్చాం. యేనాకీ గేరాకీ మధ్య చిన్న ఊరు. ఒకప్పుడు ఇది రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. ఆ రాజ్యాన్ని ఏలింది ఒకే ఒక్క డ్యూక్, క్రిస్టియాన్.

ఇతని తండ్రి, గోథాని ఏలిన ఎర్నెస్ట్, 1675లో పోయాడు. వెనక ఏడుగురు కొడుకులు. కొన్నాళ్ళు ఉమ్మడిగా ఉన్నారు గానీ, 1680లో అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే రాజ్యాన్ని పంచేసుకున్నారు. క్రిస్టియాన్‌కి ఐజెన్‌బెర్గ్‌తో పాటు రోనెబుర్గ్, రోడా, కాంబుర్గ్ వచ్చాయి. ఉన్న కోటనే పెంచి కట్టించి, క్రిస్టియాన్స్‌బుర్గ్ అని తన పేరే పెట్టుకున్నాడు. చాలని డబ్బు కోసం రసవాదాన్ని నమ్ముకున్నాడు. బంగారం పుట్టలేదు, అప్పులు పెరిగాయి.

ఆ కోటలో ఇప్పుడు జిల్లా కార్యాలయం నడుస్తోంది. చూడాల్సింది మాత్రం 1692 నాటికి పూర్తయిన లోపలి చర్చి. బయటి గోడలు చూసి ఇంత వైభవం ఊహించలేం. అంతస్తులుగా గ్యాలరీలు, పైకప్పు నిండా రంగుల బొమ్మలు, వాటి చుట్టూ సున్నంతో పోతపోసిన అలంకారాలు. తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఆ రసవాదానికి పోసిన సొమ్ము కూడా ఇలాంటి పనివాళ్ళకే అందుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మొదటి భార్య 1679లో ఆడపిల్లని కని చనిపోయింది. రెండో పెళ్ళిలో సంతానం లేదు. 1707లో క్రిస్టియాన్ పోగానే గోథాలోని అన్న కొడుకు ఐజెన్‌బెర్గ్‌ని తీసుకున్నాడు.

"అంటే అన్నయ్యా, కన్నకూతురు ఉన్నా వారసులు లేనట్టేనా?" అంది చెల్లి. అంతే మరి. ఆ అమ్మాయి పేరు క్రిస్టియానే. తండ్రి పేరు దక్కింది, రాజ్యం దక్కలేదు. నన్ను బాగా కదిలించింది ఇదే.

పంపకంలో కోబుర్గ్, రోమ్‌హిల్డ్ వచ్చిన అన్నదమ్ములకి కూడా మగ వారసులు లేరు. ఈ మూడు వాటాల తగాదా 1735 దాకా సాగింది. ఆఖరి తమ్ముడు యోహాన్ ఎర్నెస్ట్ వంశానికి కోబుర్గ్ దక్కింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆ వంశంవాడే.

యేనా వైపు వెళ్ళేవాళ్ళు ఒక పూట ఇక్కడికి కేటాయించండి. చర్చి తెరిచే వేళలు మాత్రం ముందే కనుక్కోండి.