నానోట్యూబులు, ఫెనాంత్రీన్ కలిపి డాఫ్నియాపై పరీక్ష: నా అనుభవం

కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాలు) నీళ్లలో ఉంటే, ఫెనాంత్రీన్ అనే కాలుష్య పదార్థం విషం పెరుగుతుందా, తగ్గుతుందా అని చూసే పరీక్ష ఇది. తిరుపతిలో దీన్ని పెట్టాలంటే ముందు వేడి సంగతి, నీళ్ల సంగతి చూసుకోవాలి. డాఫ్నియా మాగ్నా (నీటి ఈగ అని పిలిచే చిన్న జలచరం) చల్లటి నీళ్లలో బతికే జీవి. డాఫ్నియా పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఓఈసీడీ 202 పద్ధతి ప్రకారం 18–22 డిగ్రీల మధ్యే, అదీ ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కాకుండా ఉంచాలి. మే నెలలో మామూలు ఏసీ గదిని నమ్ముకోలేం. ఇంక్యుబేటరు, దానికి యూపీఎస్ ఉండాల్సిందే.

బోరు నీళ్లు వాడను. అందులోని కాల్షియం నానోట్యూబులను ముద్ద కట్టించి అడుక్కి దించేస్తుంది. ఐఎస్ఓ నీళ్ల (ప్రామాణిక సూత్రం ప్రకారం లవణాలు కలిపి చేసుకునే పరీక్ష నీళ్లు) కాఠిన్యం కూడా లీటరుకు 250 మి.గ్రా. ఉంటుంది కాబట్టి, వాటిని ఆరు వంతులు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి 150కి తెస్తాను. తల్లి డాఫ్నియాలను కూడా ముందునుంచే ఆ నీళ్లలో పెంచాలి.

నానోట్యూబులను హ్యూమిక్ ఆమ్లం (కుళ్లిన ఆకులు, మట్టి నుంచి వచ్చే పదార్థం; ట్యూబులు విడివిడిగా నిలవడానికి) కలిపిన నీళ్లలో వేసి, బీకరు చుట్టూ ఐసు పెట్టి ప్రోబ్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో ముద్దలను విడగొట్టే పరికరం) నడుపుతాను. ప్రతిసారీ అదే సమయం, అదే పవర్. ఎక్కువసేపు నడిపితే ట్యూబులు తెగి పొట్టివవుతాయి, ఫెనాంత్రీన్‌ను పట్టుకునే తీరు మారిపోతుంది. తూచి వేసినదంతా నీళ్లలో నిలవదు. అందుకే 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి శోషణ చూసి, నిలిచినదెంతో లెక్క కడతాను. ట్యూబుల్లో వాటి తయారీలో వాడిన నికెల్, కోబాల్ట్ లాంటి ఉత్ప్రేరకాలు మిగిలి ఉండొచ్చు. ట్యూబులను తీసేసిన నీళ్లలో కూడా కొన్ని డాఫ్నియాలను పెడితే, లోహం వల్ల జరిగే హాని విడిగా తెలుస్తుంది.

ఫెనాంత్రీన్ 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 1.1 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. మిథనాల్‌లో కరిగించి కలుపుతాను, కానీ లీటరుకు 0.1 మి.లీ. మిథనాల్ దాటనివ్వను. ప్లాస్టిక్ దీన్ని పీల్చేస్తుంది, కాబట్టి అన్నీ గాజువే, పైన గాజు మూత. అసలు కీలకం తర్వాతిది: రెండూ కలిపి కనీసం 24 గంటలు చీకట్లో ఊపుతూ ఉంచాకే జీవులను వదలాలి. కలిపిన వెంటనే వదిలితే అవి ఇంకా ట్యూబులకు అంటుకోని ఫెనాంత్రీన్‌కే గురవుతాయి, ఫలితం మారిపోతుంది.

పుట్టి 24 గంటలు దాటని డాఫ్నియా పిల్లలు, ఒక్కో మోతాదుకు 20, ఐదేసి చొప్పున నాలుగు బీకర్లు. 48 గంటలు మేత ఉండదు. బీకరు మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే కదలనట్టు లెక్క. ఇక్కడే కళ్లు మోసపోతాయి. ట్యూబుల ముద్దలు స్పర్శశృంగాలకు (ఈదడానికి వాడే మీసాల్లాంటి అవయవాలు) చుట్టుకుంటే విషం ఏమీ లేకపోయినా ఈదలేవు. మైక్రోస్కోపు కింద పేగు పొడవునా మింగిన ట్యూబుల నల్లటి గీత, పక్కనే కొట్టుకుంటున్న గుండె కనిపిస్తాయి. అలాంటివాటిని వేరే కాలమ్‌లో రాసుకోవాలి. ట్యూబులు మాత్రమే ఉన్న బీకరు లేకుండా ఈ తేడా తేల్చలేం.

కరిగి ఉన్న ఫెనాంత్రీన్‌ను కొలిచేటప్పుడు మెంబ్రేన్ ఫిల్టరు కొంత మింగేస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి పైనీటిని హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) చూడటం మేలు. ఈసీ50ని (సగం జీవులు కదలకుండా పోయే మోతాదు), వేసిన మొత్తం ఫెనాంత్రీన్ మీద ఒకసారి, కరిగి ఉన్నదాని మీద ఒకసారి లెక్కించాలి. కరిగినదాని లెక్కలో విలువ ఫెనాంత్రీన్ ఒక్కటే ఉన్నప్పటితో సమానంగా వస్తే, ట్యూబులు దాన్ని దాచాయంతే. అంతకన్నా తగ్గితే, అంటుకున్న భాగం కూడా జీవికి చేరినట్టు అనుమానించాలి. 2008లో డెన్మార్క్ పరిశోధకులు సీ60 ఫుల్లరీన్‌తో (బంతి ఆకారపు కార్బన్ అణువు) చేసిన పనిలో ఫెనాంత్రీన్ విషం పెరిగింది, పెంటాక్లోరోఫినాల్ అనే ఇంకో కాలుష్య పదార్థం విషం తగ్గింది. ఒక కాలుష్య పదార్థంతో వచ్చిన ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టకూడదు.

ఒంట్లో చేరినదెంతో కొలవాలంటే, ముందు శుభ్రమైన నీళ్లలో ఆల్గే మేపి పేగు ఖాళీ చేయించాలి. మేత లేకపోతే ట్యూబులు పేగులోనే ఉండిపోతాయి, కణజాలంలోకి వెళ్లని ఫెనాంత్రీన్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.