ఎనభై ఎనిమిదో కీర్తన దాటాక

ఉచ్చ వచ్చిందని దేవునికి స్తోత్రం చెప్పిన మనిషిని మా సంఘంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆదివారం సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చినప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది. ముందు వరసలో పెద్దవాళ్ళని చూసి, "దేవుడు నా కిడ్నీలను ముట్టాడు" అని మర్యాదగా చెప్పి కూర్చున్నాను. ఇక్కడ మైకు లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోనసీమలో, గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక. నేను అంగన్‌వాడీ టీచర్ని. 2022 జూలై వరదని మా వైపు ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు వస్తేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆసారి 25 లక్షలు దాటింది. మనుషులం, గేదెలు, కుక్కలు, పాములు, ఎలుకలు, అందరం ఒకే ఏటిగట్టు మీద. నేను నడుంలోతు నీళ్ళలో దిగి పిల్లలకి పాల ప్యాకెట్లు, గుడ్లు అందించాను. నీళ్ళు తీశాక సెంటర్లో మోకాలి దాకా ఒండ్రు. చెప్పులు ఆ బురదలో నిలవవని వట్టి కాళ్ళతోనే ఎత్తిపోశాం. నా మడమలు మామూలుగానే పగిలి ఉంటాయి. దానికి తోడు ఒక రేకు ముక్క గీసుకుంది. పసుపు అద్ది ఊరుకున్నాను.

పదిరోజులకి చలిజ్వరం. తల పగిలిపోయే నొప్పి, పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. మా ఊరి ఆర్‌ఎంపీ గారు వరద జ్వరమే అన్నారు. మూడు రోజులు వరసగా నొప్పుల ఇంజెక్షన్ చేశారు. చేసిన గంటకి హాయిగా ఉండేది, అందుకే నేనే ఇంకోటి చెయ్యమని అడిగాను. కిడ్నీలు దెబ్బతింటున్నప్పుడు ఆ ఇంజెక్షన్లు ఇంకా దెబ్బ తీస్తాయని తర్వాత తెలిసింది. ఆయన మీద కోపం ఈరోజుకీ ఉంది. కానీ పూర్తిగా కోప్పడదామన్నా కుదరదు. నా కళ్ళు పచ్చబడిన రాత్రి పన్నెండింటికి బండి మీద వెళ్ళి ఆటో అతన్ని నిద్రలేపింది ఆయనే. పాశర్లపూడి వంతెన దాటి అమలాపురం దాకా మాతో కూర్చుని వచ్చిందీ ఆయనే. పైసా తీసుకోలేదు. ఈ మనిషిని ఏ ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

అమలాపురంలో రక్తం తీసుకుని చూసి, ఇక్కడ కాదు, కాకినాడ తీసుకెళ్ళండి అన్నారు. ఎదుర్లంక వంతెన మీద అంబులెన్సు కుదుపుకి కళ్ళు తెరిస్తే కింద గౌతమి ఎర్రగా, నిండుగా కనిపించింది. తర్వాతవన్నీ ముక్కలు ముక్కలుగానే గుర్తు. లెప్టోస్పైరోసిస్ అన్నారు, ఎలుక జ్వరం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో దిగితే పుండ్లలోంచి, పగుళ్ళలోంచి ఎక్కుతుందట. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే క్రియాటినిన్ 8.4, ప్లేట్‌లెట్లు 22 వేలు. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ పెట్టారు.

ఆడవాళ్ళ వార్డు కాబట్టి రాత్రిపూట మగవాళ్ళని ఉండనివ్వరు. మా ఆయన కింద చెట్టు దగ్గర, డెబ్బై రెండేళ్ళ మా అత్తయ్య నా మంచం పక్కన చాప మీద.

రెండో రోజు సాయంత్రం మా సంఘంలో ప్రార్థనకి ఎప్పుడూ ముందుండే ఒక అక్క వచ్చింది. రెండు బస్సులు మారి, సంచిలో నాలుగు కొబ్బరి బొండాలు మోసుకుని వచ్చింది. కోనసీమలో రోగి దగ్గరికి బొండాలు లేకుండా ఎవరు వెళ్తారు? నర్సు చూసి కేకలేసింది. కిడ్నీలు పని చెయ్యనప్పుడు కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం ఒంట్లోనే ఉండిపోయి గుండెని ఆపేస్తుందని, ఒక్క గుక్క కూడా పట్టొద్దని చెప్పి సంచి బయట పెట్టించింది. అక్క ముఖం చిన్నబోయింది. ఆ చిన్నతనం కప్పిపుచ్చుకోడానికేనేమో, వెంటనే బైబిలు తీసి ముప్పై ఎనిమిదో కీర్తన చదివింది. "నా పాపమునుబట్టి నా యెముకలలో స్వస్థతలేదు" అన్నచోట ఆగి నావైపు చూసింది.

"చెల్లీ, ఏదో దాచావు. ఒప్పేసుకో. దేవుడు ఊరికే ఇలా చెయ్యడు."

ఆమె అంతటితో ఆ విషయం వదిలేసి, అత్తయ్యని అమలాపురం ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగింది. ఆమెకి అది ఆ పూట అన్న పది మాటల్లో ఒకటి. నాకు రాత్రంతా అదొక్కటే మాట.

ముప్పై గంటలుగా మూత్రం లేదు. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచి ఖాళీగా, కొత్తగా కొన్నదానిలా ఉంది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ముఖానికి మాస్కు. ఆ స్థితిలో నేను చేసిన పని ఏమిటంటే, పాపాలు వెతుక్కోవడం. ఒక నెల గుడ్లు తక్కువ వస్తే రిజిస్టర్లో సరిపెట్టాను. తోడికోడలితో రెండేళ్ళు మాట్లాడలేదు. పెళ్ళికి ముందు అమ్మకి తెలియకుండా సినిమాకి వెళ్ళాను. ఒక్కొక్కటీ ఒప్పుకుంటున్నాను, ఒప్పుకున్నాక సంచి వైపు చూస్తున్నాను. ఖాళీ. ఇంకేదో ఉందేమో, నాకు గుర్తు రానిదేదో. నిజంగా భయపడింది అప్పుడే. చచ్చిపోతానని కాదు. ఎందుకో తెలియకుండానే, దేవుడి ముందు దోషిగా పోతానని.

రెండింటప్పుడు మాస్కు పక్కకి లాగి, "అత్తయ్యా, నేనేం చేశాను?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. మాస్కు సరిచేసి, చాప మీద కూర్చుని, కీర్తన చెప్పడం మొదలుపెట్టారు.

అత్తయ్యకి చదువు రాదు. వేలిముద్రే. కానీ మావయ్య బతికున్నన్నాళ్ళూ రాత్రి అన్నాలయ్యాక లాంతరు దగ్గర రోజుకొక కీర్తన చదివేవారు. నూట యాభై కీర్తనలు, అయిదు నెలలకి ఒక చుట్టు. మళ్ళీ మొదటి నుంచి. నూట పంతొమ్మిదో కీర్తనలో 176 వచనాలు కాబట్టి దానికి మాత్రం నాలుగు రాత్రులు. ముప్పై ఏళ్ళు అలా విన్నారు. మావయ్య పేజీ తిప్పే చోట అత్తయ్య ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. ఆయన పోయి పదకొండేళ్ళు.

నేను ఇరవై మూడో కీర్తన వస్తుందనుకున్నాను, యెహోవా నా కాపరి. లేదా ఎదురుగా క్యాలెండరు మీద ఉన్న నూట ఇరవై ఒకటి, కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను. (మా లంకలో కొండ ఎక్కడుంది ఎత్తడానికి? మాకు ఎత్తంటే ఏటిగట్టే.) ఆవిడ చెప్పినవి రెండూ కావు. గోతిలోకి దిగేవాళ్ళలో లెక్క కట్టారని, స్నేహితుల్ని దూరం చేశావని, నీ ముఖం ఎందుకు చాటేస్తున్నావని, ఒకటే నిష్ఠూరం. ఎవరో మనిషి దేవుణ్ణి గుమ్మం ముందు నిలబెట్టి అడుగుతున్నట్టుంది. చివరికి "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అత్తయ్య ఊరుకున్నారు.

నేను ఎదురుచూశాను. "ఇంకా?"

"అంతేనమ్మా. అక్కడితో అయిపోయింది."

"చివర్లో స్తోత్రం లేదా?"

"లేదు."

"మరెందుకు పెట్టారు బైబిల్లో?"

"ఏమోనే అమ్మాయ్. ఎనభై ఎనిమిదో రోజున ఇదొచ్చేది. మీ మావయ్య దీన్ని ఎగ్గొట్టి ఎనభై తొమ్మిదికి వెళ్ళేవారు కాదు."

పుట్టినప్పటి నుంచీ మందిరానికి వెళ్తున్నదాన్ని. వాగ్దానాల క్యాలెండర్లు గోడనిండా చూసినదాన్ని. ఈ కీర్తన మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు. ఇంటికొచ్చాక వేలు పెట్టి చూశాను. 18 వచనాలు. ఒక్కచోట కూడా 'నా పాపము' అన్న మాట లేదు. ముప్పై ఎనిమిదో కీర్తన అబద్ధమని నేననను, అది పాపం చేసి పశ్చాత్తాపపడేవాళ్ళ కీర్తన, అవసరమైనవాళ్ళకి అవసరమే. కానీ అదే పుస్తకంలో ఇది కూడా ఉంది కదా. మందుల బల్ల మీద రెండు సీసాలున్నప్పుడు ఏ సీసా ఎవరికో చూడకుండా పోస్తే ఎలా?

ఆ రాత్రి నేనూ దేవుణ్ణి అడిగాను. గ్రాంథికంలో కాదు. "నీ పిల్లలకి పాలు పంచడానికేగా నీళ్ళలోకి దిగాను? నడుంలోతులో ఉన్నప్పుడు కనపడలేదా నీకు? నా కూతురికి పన్నెండేళ్ళు. దానికేం చెప్పమంటావు?" ఏడుస్తూ, మాస్కు లోపల ఆవిరి పట్టేసేలా అడిగాను. అంతలా ఎవరినైనా నిలదీశానంటే ఆ మనిషి నా మాట వింటాడన్న నమ్మకంతోనే. మా ఆయన మీద తప్ప ఇంకెవరి మీదా నేను అలా అరవను. భయం పోలేదు. పాపాలు వెతుక్కోవడం మాత్రం ఆగిపోయింది.

తర్వాత అత్తయ్య నూట ముప్పయ్యో కీర్తన చెప్పినట్టు లీలగా గుర్తు. కావలివాళ్ళు తెల్లారడం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా అని అందులో ఉంటుంది. ఆవిడ కనిపెట్టింది మాత్రం సంచిని. చిన్న ఫోను టార్చి వేసి, గొట్టం మీద వేలితో కొడుతూ.

అయిదుకి పావుగంట ముందు నా భుజం తట్టారు. "అమ్మాయ్, ఏదో జారింది."

టీ డికాషన్ రంగులో గొట్టంలో ఒక చార. సంచి అడుగున మడతలోకి చేరి, మూలకి పాకింది. నర్సు వచ్చి కొలిచి 40 మిల్లీలీటర్లు అని రాసుకుంది. చిన్న డాక్టరమ్మ ఉంది, పీజీ చదువుతున్న అమ్మాయి, రాత్రంతా డ్యూటీలో కళ్ళు గుంటలు పడ్డాయి. ఆ అమ్మాయి నేల మీద గొంతుక్కూర్చుని సంచిని ఎత్తి చూసి, "మామ్మగారూ, ఇది చాలా మంచిదండి" అంది. అత్తయ్య గట్టిగా స్తోత్రం అన్నారు. పక్క మంచాలవాళ్ళు లేచారు. నేనూ అన్నాను. ఆ పిల్ల పేరు అడగలేదు నేను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

యాంటీబయాటిక్ అప్పటికి రెండు రోజులుగా ఎక్కుతూనే ఉంది, డయాలసిస్ జరుగుతూనే ఉంది. అవి లేకపోతే నేను లేను. మందా, ప్రార్థనా అని అడిగేవాళ్ళకి నేను రెండూ అనే చెప్తాను, వాళ్ళకి నచ్చినా నచ్చకపోయినా. కానీ ప్రార్థన చేశారు కాబట్టి బతికావు అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. నా పక్క మంచంలో చేపల చెరువుల్లో పనిచేసే ఒకావిడ ఉండేది. ఆవిడ కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉన్నారు. నాలుగో రోజున పోయింది. అదే జ్వరం. ఆవిడ కూతురు దులిపి మడతపెట్టిన దుప్పటి నాకు ఇంకా కళ్ళలో ఉంది.

మొత్తం నాలుగు డయాలసిస్‌లు, పదహారు రోజులు. రెండు నెలలకి క్రియాటినిన్ 1.1కి దిగింది.

లంకలవాళ్ళకీ, పొలాల్లో, చెరువుల్లో దిగేవాళ్ళకీ ఒకటే చెప్తాను. కాలికి పుండు ఉంటే వరద నీళ్ళలో దిగొద్దు, తప్పకపోతే గమ్‌బూట్లు వేసుకోండి. ఆ తర్వాత జ్వరం వచ్చి, పిక్కలు లాగి, కళ్ళు ఎర్రబడితే ఆసుపత్రికి వెళ్ళి, 'నేను నీళ్ళలో దిగాను' అని మీరే ముందు చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి. నొప్పుల ఇంజెక్షన్ అడిగి మరీ చేయించుకోకండి. వరద పనికి వెళ్ళేవాళ్ళు ముందుగా వేసుకునే మాత్రలు కూడా ఉన్నాయి, డాక్టర్ని అడిగితే చెప్తారు. మా ఆర్‌ఎంపీ గారు ఇప్పుడు జ్వరమని వెళ్తే మొదట, "ఉచ్చ సరిగ్గా వస్తోందా?" అని అడుగుతున్నారట. నా పుణ్యమే.

ఇంటికొచ్చాక మావయ్య బైబిలు తీశాను. 1986 వరదలో ఇల్లు పడిపోయినా దూలానికి కట్టిన మూటలో ఇది మిగిలింది. కీర్తనల పేజీల అంచున ఆ ఒండ్రు మరక ఇంకా ఉంది. అరవై తొమ్మిదో కీర్తన దగ్గర పేజీలు అతుక్కుపోతే వేడి ఆవిరి పట్టి విడదీశారట. "నిలుక యియ్యని అగాధమైన దొంగ ఊబిలో నేను దిగిపోవుచున్నాను." పాయ ఒడ్డున ఊబిలో గేదె దిగబడితే ఊరంతా తాళ్ళు వేసి లాగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాళ్ళం మేము. ఆ మాటకి మాకు వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు రాత్రిపూట అన్నాలయ్యాక నేను చదువుతాను, అత్తయ్య వింటారు. వరసగా, దేన్నీ ఎగ్గొట్టకుండా. ఆవిడకి చెవులు మందగించాయి. తప్పు చదివితే మాత్రం ఎలాగో తెలిసిపోతుంది.

ముప్పై ఎనిమిదో కీర్తన అక్క మీద కోపం పోయిందా అంటే, ఆదివారాలు పోతుంది, సోమవారం మళ్ళీ వస్తుంది. ఆమెకి అసలు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. మొన్న రాత్రి పనసపొట్టు కూర గిన్నెలో పెట్టుకుని వచ్చింది. కరెంటు పోయింది. ప్రార్థన చేసుకునే వెళ్తాలే అని మా చాప మీదే కూర్చుంది. ఆ రోజు వంతు నూట తొమ్మిదో కీర్తన. తెలిసినవాళ్ళకి తెలుసు, దావీదు పగవాణ్ణి నిలువునా శపించే కీర్తన అది. టార్చి వెలుగులో "వాని ఉద్యోగమును వేరొకడు తీసికొనును గాక" దాకా వచ్చేసరికి నా గొంతు దానంతట అదే తగ్గిపోయింది. అక్క కళ్ళు మూసుకుని ఆమేన్, ఆమేన్ అంటోంది.

"గట్టిగా చదువమ్మాయ్," అన్నారు అత్తయ్య, "వినపడట్లేదు."