గేర్‌బాక్స్ విప్పకముందు

ఒమాన్‌లోని బాతినా తీరంలో, బర్కా నుంచి షినాస్ వరకు, ఇసుక మీదికి లాగి ఉంచిన ఫైబర్ పడవల వెనుక ఎక్కువగా కనిపించేవి యమహా ఎండ్యూరో రకం టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్లే. అటువంటి మోటార్లను బాగుచేసే ఒక చిన్న షెడ్డులో నేను మెకానిక్‌గా పనిచేస్తున్నాను. పడవ యజమానులు మోటారును పికప్ వెనుక వేసుకుని వచ్చి చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "గేరు పోయింది." ఇంజిన్ అరుస్తుంది కానీ పడవ కదలదు, లేదా కదిలినట్టే కదిలి మధ్యలో దడదడమని గేరు జారిపోతుంది. వాళ్ల దృష్టిలో రెండూ ఒకటే రోగం. విప్పే మాకు మాత్రం అవి పూర్తిగా వేరు.

ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 వరకు ఒమాన్‌లో వంజరం వేటపై నిషేధం ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగినప్పుడు కళింగపట్నం, భావనపాడు ఒడ్డున వలలూ ఇంజిన్లూ ఎలా బాగుపడతాయో, ఇక్కడ ఈ రెండు నెలల్లో మా షెడ్డుకు మోటార్లు అలా వచ్చిపడతాయి. ఆగస్టు నెలాఖరు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన కూడా ఉంది కాబట్టి, పరీక్షలన్నీ పొద్దున్నే ముగించి, విప్పే పని సాయంత్రానికి పెట్టుకోవడం మాకు అలవాటు.

అలా వచ్చిన ఒక 40 హార్స్‌పవర్ మోటారు గురించే ఇప్పుడు చెబుతాను. ఫార్వర్డ్‌లో పెట్టి థ్రాటిల్ పెంచితే గేరు జారిపోతున్నదని యజమాని చెప్పాడు. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు స్పానర్ చేతిలో పట్టుకుని "ఇప్పేద్దామా అన్నా?" అన్నాడు. "ఉండరా, ముందు బయటి నుంచి చూద్దాం" అని ఆపాను. మెకానిక్ నైపుణ్యం విప్పడంలో కన్నా విప్పకముందు చేసే పరీక్షల్లోనే ఎక్కువగా తెలుస్తుందని నా నమ్మకం. బయటపడని కారణం కొత్త సామాను వేశాక కూడా లోపలే ఉంటుంది.

మొదట అనుమానించవలసింది గేర్‌బాక్స్‌ను కాదు, ప్రొపెల్లర్‌ను. ప్రొపెల్లర్ మధ్య ఉండే రబ్బరు బుష్ పట్టు వదిలితే షాఫ్ట్ తిరుగుతుంది కానీ రెక్కలు బరువు లాగవు, అచ్చం గేరు జారినట్టే ఉంటుంది. లోపలి ఇత్తడి గొట్టం నుంచి బయటి అంచు దాకా పెయింటుతో ఒక గీత గీసి, నీళ్లలో బరువు మీద నడిపి వచ్చాక గీత రెండు ముక్కలై పక్కకు తప్పిందంటే తప్పు రబ్బరుది. గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. ఈ మోటారులో గీత కదలలేదు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫార్వర్డ్‌లో పెట్టి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పాను. ఇంజిన్ నుంచి కిందికి దిగే షాఫ్ట్ చివరనున్న చిన్న గేరు, పినియన్‌కు 13 పళ్లు, అది తిప్పే ఫార్వర్డ్ గేరుకు 26 పళ్లు ఉంటాయి కనుక ఫ్లైవీల్ రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగాలి. అలాగే తిరిగింది, అంటే పళ్లు విరిగిపోలేదు. కానీ ప్రొపెల్లర్‌ను కుర్రవాడు గట్టిగా అదిమి పట్టుకోగానే లోపల టక్కున ఏదో వదిలేసిన చప్పుడు వచ్చింది. గేరు మార్చే షిఫ్ట్ రాడ్డు పైన పూర్తి దూరం కదులుతోంది కాబట్టి లోపం దాని కింద, గేరును ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు కలిపే డాగ్ క్లచ్ దగ్గరే ఉందని తేలింది.

అప్పుడు కింది డ్రెయిన్ స్క్రూ విప్పాం. చిక్కగా రావలసిన గేరు ఆయిల్ పాలు పోసిన టీ రంగులో కారింది. స్క్రూ చివరి అయస్కాంతం మీద మెత్తటి బూడిద లాంటి ఇనుప పొడి కొంచెం ఉంటే భయపడనక్కర్లేదు. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే రేకులు కనబడితేనే కంగారు పడాలి. ఇక్కడ రేకులు లేవు గానీ నీళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి.

నీళ్లు ఎటునుంచి వచ్చాయో తెలియాలంటే, ఖాళీ గేర్‌బాక్స్‌లోకి పై రంధ్రం గుండా చేతిపంపుతో గాలి ఎక్కించి, కీళ్లన్నిటి దగ్గరా సబ్బు నీళ్లు రాయాలి. గాలి ఒత్తిడి ఒక బార్‌కు, అంటే సుమారు 14 పీఎస్‌ఐకి మించకూడదు. మించితే బాగున్న సీళ్లు కూడా పాడవుతాయి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా దీనికి తగిలించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ బుడగలు పొంగాయి. ప్రొపెల్లర్ ఊడదీసి దాని వెనుకనున్న మందపాటి వైసరు తీస్తే, షాఫ్ట్‌కు గాలపు నైలాన్ దారం బిగుసుకుని, వేడికి కరిగి, గాజు ఉంగరంలా గట్టిపడి ఉంది. దాని అంచు ఆయిల్ సీల్ పెదవిని కోసేసింది.

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే క్యాప్ రెండు బోల్టులతో ఉంటుంది. బోల్టులు వచ్చినా క్యాప్ రాదు, ఎందుకంటే అల్యూమినియం మీద పేరుకున్న ఉప్పు, తుప్పు దాన్ని సిమెంటులా పట్టేస్తాయి. సుత్తితో కొడితే హౌసింగ్, అంటే గేర్‌బాక్స్ బయటి గుల్ల, చెవి విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేసి, మర్నాడు హౌసింగ్‌ను బయటి నుంచి గ్యాస్ మంటతో సమంగా వేడిచేస్తూ పుల్లర్‌తో లాగితే నెమ్మదిగా కదిలింది. లోపల డాగ్ క్లచ్ మూలలు పదునుగా ఉండాల్సింది పోయి గుండ్రంగా అరిగి మెరుస్తున్నాయి. అది నీళ్లు చేసిన పని కాదు, గేరును భయం భయంగా, నెమ్మదిగా వేయడం వల్ల మూలలు ఒకదానినొకటి రాసుకుని వచ్చిన అరుగుదల. నీళ్ల దెబ్బ ఫార్వర్డ్ గేరు వెనుకనున్న టేపర్ బేరింగ్ మీద కనిపించింది. రోలర్ల మీద తుప్పు గుంటలు పడ్డాయి. అంటే ఒకే గేర్‌బాక్స్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు.

మొత్తం గేర్‌బాక్స్ కొత్తది కొనడమా, విడి సామాన్లు వేయడమా అనేది యజమాని అడిగే తొలి ప్రశ్న. హౌసింగ్ పగిలినా, సీల్ కూర్చునే చోట అల్యూమినియం తినేసినా నేను బాగుచేయడానికి ఒప్పుకోను. ఇక్కడ ఆ రెండూ లేవు. డాగ్ క్లచ్, ఫార్వర్డ్ గేరు, పినియన్, టేపర్ బేరింగ్, సీళ్లన్నీ తెప్పించాం. ఫార్వర్డ్ గేరు మార్చి పాత పినియన్ ఉంచితే రెండింటి అరుగుదల కలవదు, కొద్ది కాలానికే మోత మొదలవుతుంది. రివర్స్ గేరు మీద బరువు పడేది తక్కువ కనుక పళ్లు వెలుతురులో తిప్పి చూసి దాన్ని ఉంచేశాను. సీల్ తీసేముందు అది ఏ ముఖంతో కూర్చుందో ఫోన్‌లో ఫొటో తీసుకోమని కుర్రవాడికి చెప్పాను, తిరగేసి కొట్టిన సీల్ కొత్తదైనా పాతదైనా ఒకటే.

అసలు ఓపిక కావలసింది షిమ్‌ల దగ్గర, అంటే గేర్ల మధ్య దూరం సరిచేసే పలుచని రింగుల దగ్గర. కొత్త బేరింగ్, కొత్త గేరు పడ్డాక పాత షిమ్‌ల మందమే సరిపోతుందన్న భరోసా లేదు. పళ్లకు నీలి రంగు పూసి, బరువు పెట్టి తిప్పి, రంగు పంటి మధ్యలో చెరిగిందా, అంచున చెరిగిందా చూడాలి. మొదటిసారి అంచున చెరిగింది. షిమ్ మార్చి మళ్లీ విప్పి బిగించాక మచ్చ మధ్యకు వచ్చింది. పినియన్ నట్టు పాతది వాడలేదు. కొత్తదానికి నట్టు వదులు కాకుండా పట్టే జిగురు, థ్రెడ్‌లాక్ పూసి టార్క్ రెంచితో బిగించాను.

గేర్‌బాక్స్ దిగి ఉండగా, ఇంజిన్‌ను చల్లబరిచే వాటర్ పంపులోని రబ్బరు చక్రం, ఇంపెల్లర్ మార్చకపోవడం బద్ధకం తప్ప పొదుపు కాదు. బిగింపు పూర్తయ్యాక మళ్లీ గాలి పరీక్ష పెట్టాం, గేజి ముల్లు కదలలేదు. ఆయిల్‌ను ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ పొర్లాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని, సగం నిండినదే నిండినట్టు కనిపిస్తుంది.

నీళ్లలో దించి నడిపినప్పుడు ఫుల్ థ్రాటిల్‌లోనూ గేరు నిలబడింది. కొన్ని గంటలు నడిచాక తెచ్చి చూపించమని యజమానికి చెప్పాం, తెచ్చాడు కూడా. ఆయిల్‌లో కొత్త పళ్ల పొడి కొద్దిగా ఉంది, తడి లేదు. ఇంజిన్‌ను ఐడిల్‌కు దించి గేరును ఒక్క ఊపున వేయాలని, వారానికొకసారి ప్రొపెల్లర్ తీసి వైసరు వెనుక దారం ఉందేమో చూడాలని ఆయన పడవ నడిపే కుర్రవాళ్లకు వచ్చీరాని అరబీలో చెప్పాను. మొదటిది వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి మాత్రం, వేట నుంచి వచ్చిన అలసటలో ఎవరు విప్పుతారని నవ్వారు. దాంతో యజమాని మా షెడ్డులోనే ఒక స్పానర్, ప్రొపెల్లర్ నట్టు ఊడకుండా గుచ్చే కాటర్ పిన్నులు కొన్ని కొనుక్కుని పడవలో పెట్టించుకున్నాడు.