జీపు స్టీరింగ్ వణుకు: నేను పడ్డ తిప్పలు, చివరికి దొరికిన తప్పు

మా పాత మహీంద్రా జీపు (ఎంఎం 540) స్టీరింగ్ వణుకు పోయింది. నిన్న సాలూరులో బయల్దేరి ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరేదాకా ఎన్ని గతుకుల్లో పడినా స్టీరింగ్ ఒక్కసారి కూడా చేతిలో కొట్టుకోలేదు. కోపమూ సంతోషమూ రెండూ పచ్చిగా ఉన్నప్పుడే రాసేస్తున్నాను. ఒడిశాలో కొరాపుట్, రాయగడ వైపు మన తెలుగువాళ్లలో ఇలాంటి జీపులు ఇంకా వాడుతున్నవాళ్లు ఉన్నారు. నేను పడ్డ మాటలు వాళ్లు పడకూడదు.

ముందు ఆ వణుకు ఎలాంటిదో చెప్తాను. యాభై స్పీడులో ఎడమ చక్రం చిన్న గతుకులో పడితే చాలు, స్టీరింగ్ ఎడాపెడా కొట్టుకోవడం మొదలయ్యేది. ముందు చక్రాలు రెండూ కలిసి ఊగేవి, బోనెట్ ఊగేది. పక్కన కూర్చున్న మా ఆవిడ ఎదురుగా ఉన్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకునేది. బండి బాగా నెమ్మదిస్తే తప్ప ఆగేది కాదు. చక్రాల బ్యాలెన్స్ తేడా వల్ల వచ్చే వణుకు ఇలా ఉండదు. అది ఒక స్పీడు దగ్గర సన్నగా మొదలై, ఆ స్పీడు దాటాక తగ్గిపోతుంది. గతుకు తగిలి మొదలై, స్లో చేస్తే గాని ఆగని వణుకు వస్తే ముందు ఇరుసు దగ్గర ఎక్కడో లూజు ఉన్నట్టే.

టైర్లలో గాలి సరిచూశాను, బ్యాలెన్సింగ్ చేయించాను, ముందు చక్రాలు వెనక్కి మార్చాను. తేడా రాలేదు. టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ) ఎండ్లు ఎలాగూ అరిగాయి కాబట్టి కొత్తవి వేయించాను. కొంచెం తగ్గినట్టు అనిపించి వారం తిరక్కుండానే మళ్లీ మొదలు.

అప్పుడు మా జిల్లాలోనే ఉన్న ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. పేరు రాయను. కంప్యూటర్ అలైన్‌మెంట్, ఏసీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు, అన్నీ ఉన్నాయి. కుర్రాడు చక్రాలకు క్లాంపులు బిగించి స్క్రీన్ చూపించాడు. అన్నీ పచ్చరంగులో ఉన్నాయి. "బండిలో ఏమీ లేదు సార్, టైర్లు మార్చండి" అన్నాడు. బటన్లు ఇంకా సగం కూడా అరగని టైర్లు అవి. మార్చనన్నాను. అయితే స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని అణిచే షాక్ అబ్సార్బర్ లాంటిది) వేద్దాం, దాంతో పోతుందన్నాడు. సరే అన్నాను. వేశారు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు దామన్‌జోడి రోడ్డు మీద, వెనకాల లారీ ఉండగా, ఇదివరకటి కంటే గట్టిగా కొట్టింది.

బండి తిరిగి తీసుకెళ్లాను. ఈసారి కుర్రాడు కాదు, ఇన్‌ఛార్జి వచ్చాడు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు. కిందికి వంగలేదు, జాకీ వేయలేదు, చక్రం పట్టుకుని ఊపి చూడలేదు. "మీరు నడుపుతారా, డ్రైవర్ ఉన్నాడా?" అన్నాడు. నేనే అన్నాను. అప్పటిదాకా నాతో తెలుగులో మాట్లాడుతున్నవాడు, అక్కడ నిలబడ్డ కస్టమర్ల వైపు తిరిగి ఒడియాలో మొదలుపెట్టాడు. స్టీరింగ్ గట్టిగా పట్టుకోవడం రానివాళ్లు ఇలాంటి బండ్లు ఎందుకు నడుపుతారని, ఈ డబ్బా పాత ఇనుముకి అమ్మేస్తే బాగుంటుందని. నాకు ఒడియా రాదనుకున్నాడో, వచ్చినా ఏం చేస్తాడులే అనుకున్నాడో తెలియదు. నేను ఈ జిల్లాలోనే పుట్టాను, ఒడియా బళ్లోనే చదువుకున్నాను. అందరూ నవ్వారు. బెంచీ మీద కూర్చున్న మా మేనల్లుడు తల దించుకున్నాడు.

నేను ఒడియాలోనే అడిగాను: "ముందు చక్రం జాకీ మీద లేపి చూశారా?" జవాబు లేదు. "మెషీన్ చూసింది కదా" అన్నాడు. లేపి చూడమన్నాను. లేపడానికి లేబర్ చార్జి వేరే పడుతుందన్నాడు. బిల్లు కట్టి బండి తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాన పడి దేవమాలి కొండ వైపు కొత్త బండ్లు బురదలో దిగబడితే ఈ జీపుతో లాగి బయటపడేసినవాణ్ణి నేను. ఈ బండితోనే కాఫీ గింజలు, అల్లం బస్తాలు ఘాట్ దించాను. నడపడం రాదని నన్ను ఎవరూ అనలేదు. తమకు జబ్బు పట్టుబడకపోతే తెలియలేదని చెప్పాలి. కస్టమర్ని నలుగురిలో చిన్నబుచ్చడం ఏం పనితనం?

మరి ఆ మెషీన్ ఎందుకు పట్టలేదంటే, అలైన్‌మెంట్ మెషీన్ బండి కదలకుండా ఉన్నప్పుడు కోణాలు చూస్తుంది. గతుకు తగిలినప్పుడు ఏ జాయింటు ఎంత ఆడుతుందో దానికి తెలియదు.

సాలూరు వెళ్లమని మా ఊరి లారీ డ్రైవర్ ఒకాయన చెప్పాడు. లారీలకు పేరుపడ్డ ఊరు అది. ఇలాంటి ముందు ఇరుసుల మీద చేయి తిరిగిన మేస్త్రీలు అక్కడ ఇంకా ఉన్నారు. నలభై దాటించకుండా నెమ్మదిగా దిగాను. మేస్త్రి పెద్దాయన. స్క్రీన్లు లేవు, చెట్టు కింద షెడ్డు. ముందుగా నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమన్నాడు. తను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేళ్లు పెట్టి చూశాడు. టై రాడ్ బాగానే ఉందన్నాడు. తర్వాత ఎడమ చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్ టక్ మని ఆడింది.

"బ్రేకు తొక్కి పట్టుకో బాబూ" అన్నాడు. తొక్కాను. మళ్లీ ఊపాడు. "సూడు, ఇంకా ఆడతంది. చక్రం బేరింగుదైతే బ్రేకు తొక్కితే ఆగిపోద్ది. ఇది కింగ్ పిన్‌ది."

కింగ్ పిన్ అంటే, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని మీద పక్కకి తిరుగుతుందో ఆ పిన్ను. ఈ ఒక్క పరీక్ష నేర్చుకోండి. బ్రేకు పట్టినప్పుడు డ్రమ్ము, బ్రేకు ప్లేటు ఒకటైపోతాయి. అందుకని వీల్ బేరింగ్ లూజు కనపడదు. అప్పటికీ ఆడుతుంటే లోపం కింగ్ పిన్ బేరింగుల్లో ఉన్నట్టు.

నకిల్ (కింగ్ పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగం) విప్పాక బేరింగ్ చూపించాడు. రోలర్లు కూర్చునే కప్పులో వరసగా గుంటలు పడి ఉన్నాయి, గ్రీజు ఎండి తుప్పు రంగు తిరిగింది. నకిల్ చేయి కన్నంలో కూరగాయల స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి లాగాడు. ముల్లు ఒక కిలో కూడా చూపించకుండానే నకిల్ తిరిగిపోయింది. కొత్త బేరింగులు వేసి, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) ఒక్కొక్కటే తగ్గిస్తూ, ఆరు కిలోల దగ్గర నకిల్ కదిలేలా బిగించాడు. ఆ మాత్రం బిగువు ఉంటేనే గతుకు తగిలినప్పుడు చక్రం ఊగకుండా ఆగుతుందట. కుడివైపూ అలాగే చేశాడు. ఒకవైపే చేయించకండి.

తర్వాత ముందు కమాన్ల యూ బోల్టులు, షాకిల్ బుష్షులు చూసి బిగించాడు, టో ఇన్ (ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) తాడు పట్టి సరిచేశాడు. టైర్ల ముందు అంచులు వెనక అంచుల కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉన్నాయి. పెద్ద వర్క్‌షాపు తీసుకున్న దానిలో సగం కూడా ఆయన తీసుకోలేదు.

డాంపర్ విప్పించేశాను. అది రెండు రోజులు లూజుని కప్పిపెట్టింది తప్ప బాగు చెయ్యలేదు. వణుకు పోయాక అది లేకుండానే బండి తిన్నగా పోతోంది. కావాలనుకున్నవాళ్లు వేసుకోండి, అయితే కింగ్ పిన్, టై రాడ్, వీల్ బేరింగ్ మూడూ చూపించుకున్నాకే.

స్టీరింగ్ బాక్సులో ఇంకా కొద్దిగా ఆట ఉంది. దాన్ని పై స్క్రూతో సరిచేస్తానని, కానీ కొత్త బేరింగులు కొంచెం సర్దుకున్నాక తీసుకురమ్మని మేస్త్రి చెప్పాడు. అల్లం దించే పని అయిపోగానే వెళ్తాను.