రిజిస్టర్‌లో ఖాళీ గడి: మా థ్రిల్లర్ ఓపెనింగ్ ఎంతవరకు వచ్చిందంటే

కాలేజీ ప్రాజెక్టు కింద మేం తీయాల్సింది పూర్తి షార్ట్ ఫిల్మ్ కాదు, ఒక థ్రిల్లర్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు మాత్రమే. టైటిల్స్ కూడా అందులోనే పడాలి. హంతకుడెవరో చెప్పక్కర్లేదు, కథ తేల్చక్కర్లేదు. వినడానికి హాయిగానే ఉంటుంది గానీ, ముగింపు లేకుండా చూసేవాణ్ణి కట్టిపడేయాలంటే దారి ఒక్కటే కనిపిస్తోంది నాకు. చూసేవాడికి ఏం తెలియాలి, తెర మీద అమ్మాయికి ఏం తెలియకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. లెన్సు, లైటు, మ్యూజిక్ అన్నీ ఆ తర్వాత. మా కెమెరా అమ్మాయి దీనికి ఒప్పుకోదు, ఆమెకి ముందు ఫ్రేము కావాలి. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

టీమ్ నలుగురం, నలుగురం తెలుగువాళ్ళమే. చెన్నైలో వేళచ్చేరి వైపు అద్దెకి ఉంటున్నాం. లొకేషన్ అనగానే అందరి నోటా ముందొచ్చింది ఎంఆర్‌టీఎస్, అంటే ఊళ్ళో తిరిగే లోకల్ రైలు లైను స్టేషన్లే. ఆ లైన్లో ఎప్పుడైనా తిరిగినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. పెద్ద పెద్ద కాంక్రీటు హాళ్ళు, పలచగా జనం, మన అడుగుల చప్పుడు మనకే తిరిగి వినిపిస్తుంది. కానీ స్టేషన్లో షూటింగ్ అంటే రైల్వే అనుమతి, దానికి కాగితాలు, ఫీజు. రెండు నిమిషాల ప్రాజెక్టుకి అంత తతంగం ఎందుకని మేముండే అపార్ట్‌మెంట్‌కే వచ్చి పడ్డాం. నాలుగంతస్తులు, గ్రిల్ తలుపుల పాత లిఫ్టు, గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల.

చూసినవి

ఒక్కో సినిమా ఓపెనింగ్‌ని ముందు సౌండ్ ఆపేసి చూశాం, తర్వాత ల్యాప్‌టాప్ అటు తిప్పేసి ఉత్త శబ్దం విన్నాం. నోట్‌బుక్‌లో రెండు గళ్ళు గీసుకున్నాం: మనకి తెలిసింది, పాత్రకి తెలిసింది. ఏ షాట్‌లో ఏ గడి నిండుతోందో రాసుకుంటూ పోవడమే పని. సినిమా అంతా చూడాలని టెంప్ట్ అవుతాం, ఆపుకోవాలి.

బల్ల కింద బాంబు సంగతి సినిమా పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలిసిందే. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో చేసిన సంభాషణల్లో చెప్పాడు: బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే పదిహేను సెకన్ల ఉలికిపాటు, తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. దాన్ని తు.చ. తప్పకుండా చేసి చూపించింది 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన టచ్ ఆఫ్ ఈవిల్ మొదటి షాట్. ఒక చెయ్యి టైమర్ తిప్పుతుంది, బాంబు కారు డిక్కీలోకి వెళ్తుంది, కారు బయల్దేరుతుంది. అక్కణ్ణుంచి మూడు నిమిషాల పైన కట్ లేదు. కెమెరా కారుని వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది, మనం మాత్రం డిక్కీని వదలం.

నాకు దాని కెమెరా పనికంటే శబ్దం కథే ఎక్కువ పనికొచ్చింది. విడుదలైనప్పుడు ఆ షాట్ మీద టైటిల్స్ వేసి హెన్రీ మాన్సినీ సంగీతం పెట్టారు. తన సినిమాని ఎలా సరిచేయాలో వెల్స్ స్టూడియోకి 58 పేజీల మెమో రాశాడు. దాన్ని పట్టుకుని 1998లో ఎడిటర్, సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేసినప్పుడు టైటిల్స్ తీసేసి, ఆ వీధిలో వినిపించే రేడియోలు, క్లబ్బుల్లోంచి వచ్చే పాటలే ఉంచాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో మన కళ్ళు పేర్ల మీదకి పోతాయి, రెండో దాంట్లో కారు రేడియో ఎటు పోతోందో చెవులు వెతుకుతాయి. మా టైటిల్స్ ఎక్కడ వేయకూడదో అప్పుడే తేలిపోయింది.

ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ఎమ్ అనే సినిమా నుంచి తీసుకున్నది ఈల. హంతకుడి మొహం కంటే ముందు వాడి నీడ, వాడి ఈల మనకి పరిచయమవుతాయి. చిన్నపిల్లని చంపడం ఎక్కడా కనపడదు. ఆ పిల్ల బంతి దొర్లి ఆగుతుంది, బెలూన్ పైన తీగలకి తగులుకుంటుంది, అంతే. శబ్దాన్ని మనిషికి గుర్తుగా వాడటం అప్పటికి సినిమాకి మాటలొచ్చి నాలుగైదేళ్ళు కాకముందే చేశాడు.

ఇక మన చెన్నైలోనే తయారైన తమిళ సినిమా అంద నాళ్. 1954, ఏవీఎం నిర్మాణం, వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ దర్శకత్వం. పాటల్లేవు, డాన్సుల్లేవు, ఆ రోజుల్లో! హీరో శివాజీ గణేశన్ మొదట్లోనే తుపాకీ దెబ్బకి పోతాడు. ఆ తెగింపు చూసి మావాళ్ళు మనం కూడా చావుతోనే మొదలుపెడదాం అన్నారు. నేను వద్దన్నాను. చావు తర్వాత ఎవరు చేశారన్న ప్రశ్న మిగులుతుంది, అది నిలబడాలంటే వెనక గంటన్నర కథ ఉండాలి. మనకున్నది రెండు నిమిషాలు.

రిజిస్టర్

కథ ఇది. రాత్రి. ఒకమ్మాయి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అపార్ట్‌మెంట్‌లోకి వస్తుంది. "అక్కావాళ్ళు తిరుపతి వెళ్ళార్లే, మొక్కలకి నీళ్ళు పోసి వచ్చేస్తా, తాళాలు నా దగ్గరే ఉన్నాయి." వాచ్‌మన్ రిజిస్టర్ చూపిస్తాడు. చేతిలో తాళాలగుత్తి పేజీ మీద పెట్టి, దారంతో కట్టేసిన పెన్నుతో పేరు, ఫ్లాట్ 3బి, టైము రాస్తుంది. గుత్తి తీసుకుని తిరుగుతుంది. గుత్తి కింద ఉన్న పై వరస ఇప్పుడు మనకి కనిపిస్తుంది: 3బి, ఇన్ టైమ్ 7.10. అవుట్ టైమ్ ఖాళీ.

కట్ లేకుండా, నిట్టనిలువుగా పైనుంచి తీసే ఒకే టాప్ షాట్. మనం చదివేసరికి ఆ అమ్మాయి ఫ్రేములో లేదు. ఆ ఇంటి తాళాలే ఆ వరసని కప్పి ఉంచడం మా ఎడిటర్ ఐడియా. అది విన్న రోజు అందరికీ బిర్యానీ నేనే తెప్పించాను.

స్క్రిప్టు పట్టుకెళ్ళి మా వాచ్‌మన్ తాతకి చెప్పాం. ఆయనది నాయుడుపేట వైపు. అంతా విని తేలిగ్గా తీసిపారేశాడు.

"అవుట్ టైమ్ ఎవురు రాస్తారబ్బయా! లోనికొచ్చేటప్పుడు రాయమంటేనే మొహం మాడ్చుకుంటారు. బయటికి పొయ్యేటప్పుడు ఎవురాగుతారు?"

"మరి ఖాళీగా ఉంటే లోపలే ఉన్నట్టు కాదా తాతా?"

"అట్టయితే ఈ బిల్డింగులో ఇప్పుడు రెండొందలమంది ఉన్నట్టే!"

ఆయన తీసి చూపించిన అసలు రిజిస్టర్‌లో చివరి గడి పేజీలకి పేజీలు ఖాళీ. అపార్ట్‌మెంట్లలో ఉండే ప్రేక్షకులందరికీ ఇది తెలిసిన సంగతే, కాబట్టి మా ఖాళీ గడి ఎవర్నీ భయపెట్టదు. గడి ఖాళీగా ఉండటం వింత అనిపించాలంటే, ఈ వాచ్‌మన్ దగ్గర ఏ గడీ ఖాళీగా ఉండదని ముందు తెలియాలి. అందుకని ఇరవై సెకన్ల ముక్క ఒకటి ముందు చేర్చాం. డెలివరీ కుర్రాడు పరుగున బండెక్కుతుంటే వాచ్‌మన్ విజిల్ వేసి వెనక్కి పిలుస్తాడు, అవుట్ టైమ్ రాయించి గానీ వదలడు. చూడటానికి కామెడీ. చూసేవాడు నవ్వుకుంటాడు, నవ్వుతూనే రూలు నేర్చుకుంటాడు. పాత్రలు కూర్చుని రూలు వివరిస్తే పసిగట్టేస్తారు, నవ్వులో కలిపి ఇస్తే అడక్కుండా మింగేస్తారు. టైటిల్ కార్డులు నాలుగూ ఈ ముక్క మీదే పడతాయి, రిజిస్టర్ షాట్ మీద ఒక్క అక్షరం కూడా వేయం.

లిఫ్టు గొంతు

గ్రిల్ తలుపు సరిగ్గా వేయకపోతే ప్లీజ్ క్లోజ్ ద డోర్ అంటూ ఆపకుండా అరిచే లిఫ్టు మీకూ తెలిసే ఉంటుంది. అమ్మాయి బటన్ నొక్కుతుంది, లిఫ్టు రాదు. పైనుంచి సన్నగా ఆ గొంతు. ఎవరో మూడో అంతస్తులో తలుపు తెరిచి ఉంచారు. విసుక్కుని మెట్లెక్కుతుంది. రెండో అంతస్తు మలుపులో ఉండగా గొంతు ఆగిపోతుంది. అంటే ఎవరో తలుపు వేశారు. అక్కడ కట్, సినిమా పేరు.

హిచ్‌కాక్ సైకోలో సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు విన్నాక మావాళ్ళకి మ్యూజిక్ మీద మోజు పుట్టింది. కానీ ఇక్కడ మ్యూజిక్ పెడితే గొంతు ఆగిన నిశ్శబ్దం చచ్చిపోతుంది. మ్యూజిక్ లేదు.

ఆ గొంతుని లిఫ్టులోనే నిలబడి రికార్డు చేస్తే చెవి పక్కన అరిచినట్టు ఉంటుంది. ఎడిటింగ్‌లో వాల్యూమ్ తగ్గిస్తే చిన్నగా వినిపిస్తుందే గానీ దూరంగా వినిపించదు. దూరం అంటే గోడలకి తగిలి, మెట్ల మీదుగా దొర్లి వచ్చిన శబ్దం. శబ్దాన్ని నిజమైన చోట మోగించి అక్కడే మళ్ళీ పట్టుకోవడాన్ని మర్చ్ వరల్డైజింగ్ అన్నాడు. మాకు స్పీకరు కూడా అక్కర్లేకపోయింది. ఒకడు మూడో అంతస్తులో తలుపు తెరిచి పట్టుకున్నాడు, నేను కింద, మొదటి మలుపులో, రెండో మలుపులో రికార్డరు పెట్టాను. శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, శబ్దం బాగా పెరిగిన చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. రాత్రి చేస్తే ఇరుగుపొరుగు ఊరుకోరని మధ్యాహ్నం చేశాం. చెన్నై మధ్యాహ్నం అంటే కాకులు, కుక్కర్ విజిళ్ళు, నీళ్ళ మోటారు. ఆ చప్పుళ్ళ మధ్య శుభ్రంగా దొరికిన గొంతు ముక్కలు ఏరుకున్నాం. మెట్ల దగ్గర ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త గాలి కూడా రికార్డు చేసి పెట్టుకోండి, కట్ల మధ్య అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది.

టెస్ట్ షూట్

ఫోన్, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్. వడపళని, సాలిగ్రామం వైపు కెమెరాలు అద్దెకిస్తారు గానీ ఆ డబ్బులు మా దగ్గర లేవు. సెకనుకి 24 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం) సెకనులో 1/48 వంతు పెడితే మెట్ల దగ్గర చవక ఎల్‌ఈడీ ట్యూబు ఫ్రేములో అడ్డచారలు పాకిస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షటర్‌కి మార్చాం, చారలు పోయాయి. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, ఫోకస్ మూడూ లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే తాళాలగుత్తి ఎత్తగానే ఫోన్ మళ్ళీ ఫోకస్ వెతుక్కుంటుంది, మాకు కావాల్సిన క్షణం సరిగ్గా అదే.

టాప్ షాట్‌కి రెండు కుర్చీల వీపుల మీద చెక్క వేసి ఫోన్ దానికి బిగించాం. బల్ల లైటు కింద తెల్ల కాగితం పేలిపోతోంది, అక్షరాలు తెల్లదనంలో కరిగిపోతున్నాయి. కాగితాన్ని పలచటి టీ డికాషన్‌తో తుడిచి ఆరబెడితే మెరుపు తగ్గింది, పాత రిజిస్టర్ కళ కూడా వచ్చింది. రాత నల్ల జెల్ పెన్నుతో, మామూలు కంటే కాస్త పెద్దగా. గళ్ళ పేర్లు ఇంగ్లీషులోనే, నిజంగా ఉండేవీ అలాగే కదా. పైగా తెలుగు చదవలేని మా తమిళ లెక్చరర్లకీ అంకెలు అర్థమవుతాయి. షాట్ ఎంతసేపు ఉంచాలన్నదానికి మా లెక్క: ఆ వరసని పైకి రెండుసార్లు చదివేంతసేపు.

మెట్లతో ఇంకో చిక్కుంది. మన అపార్ట్‌మెంట్ మెట్లు ప్రతి మలుపులోనూ వెనక్కి తిరుగుతాయి. ఒక వరస ఎడమ నుంచి కుడికి ఎక్కితే పై వరస కుడి నుంచి ఎడమకి. నేరుగా కట్ చేస్తే పిల్ల దిగుతోందా ఎక్కుతోందా తెలియదు. మలుపు దగ్గర ఆమె తిరగడం ఒక్కసారి చూపిస్తే చాలు, ఆ తర్వాత కన్ను తికమకపడదు.

బొమ్మల వెర్షన్

షాట్లవారీగా గీసుకున్న స్టోరీబోర్డు బొమ్మలు ఫోన్‌తో తీసి, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో వరసగా పేర్చి, రికార్డు చేసిన శబ్దాలు కింద వేశాం. నా బొమ్మల్లో అమ్మాయి అగ్గిపుల్లలా ఉంటుంది, ఫర్వాలేదు. దాన్ని హాస్టల్ వాళ్ళకి చూపించేటప్పుడు బాగుందా అని అడక్కూడదు, అందరూ బాగుందనే అంటారు. లిఫ్టు బటన్ నొక్కే చోట ఆపేసి, "ఇప్పుడు నీకేం తెలుసు? ఆ పిల్లకేం తెలుసు?" అని అడుగుతున్నాం. డెలివరీ కుర్రాడి ముక్క లేని వెర్షన్ చూసినవాళ్ళు "ఎవరింటికో వచ్చింది" అన్నారు. ఉన్నది చూసినవాళ్ళు "పైన ఎవడో ఉన్నాడ్రా, చెప్పండ్రా దానికి" అన్నారు. కెమెరా అమ్మాయి ఇది చూశాక కొంచెం మెత్తబడింది, మెట్ల మీద ఒక్క వాలు ఫ్రేము తనకి వదిలేయమంది. వదిలేశాం.

అసోసియేషన్ సెక్రటరీ రాత్రి పదిలోపు ముగించాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఈ దేశంలో పది దాటితే శబ్ద నియమాలు ఎలాగూ వేరు. చీకటి ఆరున్నర, ఏడు మధ్య పడిపోతుంది కాబట్టి చేతిలో మూడు గంటలుంటాయి. ముందు రిజిస్టర్ షాట్, తర్వాత మెట్లు, డెలివరీ కుర్రాడి ముక్క చివర్లో. వాచ్‌మన్ వేషం మా తాతే వేస్తున్నాడు. విజిల్ భలే వేస్తాడు. టోపీ మాత్రం పెట్టుకోనంటున్నాడు, అది పెడితే ఊళ్ళో చూసినవాళ్ళు ఏమనుకుంటారని. బతిమాలుతున్నాం.