ఆకుకు కన్నం పెట్టి పాడే కీచురాయి

సెప్టెంబరులో, రెండు రోజులు వాన తెరిపి ఇచ్చాక, నలుగురం హైదరాబాద్ మెహదీపట్నంలో బయల్దేరి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరాం. చెట్ల మీద పాడే కీచురాయిని చూడాలని. దీనికోసం చీకట్లో అనంతగిరి అడవిలోకి వెళ్లనక్కర్లేదు, వెళ్లకూడదు కూడా. ఊరి చివర చేను గట్టు పొదలు చాలు.

ఏడున్నరకి పాట అందుకున్నాయి. ఒకే శ్రుతిలో సాగే సన్నటి ఈల అది, ఎటునుంచి వస్తోందో చెవికి పట్టుబడదు. ఇద్దరు పదడుగుల ఎడంలో నిలబడి, శబ్దం వచ్చేవైపు చేతులు చాపాలి. ఆ రెండు దారులు కలిసేచోట వెతకాలి. టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం రెండు పొరలు చుట్టాలి. తెల్ల వెలుగు పడినా, కొమ్మ కదిలినా పాట ఆగిపోతుంది. కదలకుండా నిలబడితే కాసేపటికి మళ్లీ మొదలుపెడుతుంది. కొమ్మను పక్కకు జరిపి మొదటి రెండింటినీ పోగొట్టుకున్నాం.

మూడోది దొరికింది. లేతాకుపచ్చ ఒళ్లు, సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. ఆకు నడిమధ్య తన రెక్కలంత కన్నం కొరుక్కుంది. తల ఇవతలికి పెట్టి, ముందు రెక్కలు నిటారుగా లేపి ఆ కన్నంలో ఇమిడ్చింది. రెక్కల్ని ఒకదానితో ఒకటి రుద్దుతూ పాడుతుంటే అవి మసకబారినట్టు కనిపించాయి.

ఎందుకింత శ్రమ? రెక్కకు ముందు గాలి ఒత్తిడి పెరిగినప్పుడు వెనక తగ్గుతుంది. అంచు చుట్టూ ఆ రెండూ కలిసి శబ్దాన్ని చంపేస్తాయి. 3,000 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు 11 సెంటీమీటర్లు, రెక్కేమో సెంటీమీటరంత. అందుకే నష్టం అంత ఎక్కువ. ఆకు మధ్యలో గోడలా అడ్డం పడుతుంది. పెట్టెలోంచి ఊడదీసిన స్పీకరు పీలగా మోగడానికీ కారణం ఇదే.

ఈ పనిని 1975లో దక్షిణాఫ్రికా కీచురాళ్లలో మొదట వివరించారు. కర్ణాటక పొదల్లోని జాతిపై బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 2020లో ప్రచురించిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ఆకును ఎక్కువగా వాడుకునేవి చిన్న మగవి, గొంతు తక్కువవి. ఆకు సాయంతో అవీ పెద్దవాటంత గట్టిగా వినిపిస్తాయి, ఆడవి అటూ వస్తాయి. జత కట్టేటప్పుడు ఆడది మగదాని వీపెక్కి, రెక్కల కింది గ్రంథిలో ఊరే ద్రవాన్ని తింటుంది. అది మాకు కనిపించలేదు.

తొమ్మిదిన్నరకి గాలి చల్లబడి పాట వేగం తగ్గింది. ఫోనులో రికార్డు చేసేవాళ్లు పక్కనే ఉష్ణోగ్రత రాసుకోవాలి. లేకపోతే రెండు రాత్రుల పాటల్ని పోల్చడం కుదరదు.