నొప్పి తగ్గితే నయమైనట్లు కాదు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లి వెనక్కి మళ్లబోయిన క్షణంలో పాదం నేలలోనే ఉండిపోయి ఒళ్లు మాత్రం తిరగడంతో, నా కుడి మోకాలిలో టప్పున చప్పుడైంది. సాయంత్రానికి అది కొబ్బరికాయంత వాచింది. కట్టు కట్టించుకున్నాను. మూడు వారాలకు వాపు తీసి నడక రావడంతో నయమైందనుకుని రెండేళ్లు గడిపేశాను.

తిన్నగా నడిచినంతసేపూ ఏ బాధా ఉండేది కాదు గానీ, బస్సు దిగి పక్కకు తిరిగినా, గబగబా మెట్లు దిగినా మోకాలు తప్పేది. చివరికి వెళ్లిన ఎముకల వైద్యుడు కాలిని కొద్దిగా వంచి, పిక్క పైభాగాన్ని ముందుకు లాగి చూసి, ఎమ్మారై తీయకముందే ఏసీఎల్ తెగిందని చెప్పారు. మోకాలి లోపల పై ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టి ఉంచే లిగమెంటు, అంటే పట్టీలాంటి కణజాలం అది. కీలులోని ద్రవంలో రక్తపు గడ్డ నిలవదు కాబట్టి ఈ లిగమెంటు తెగిన కొసలు సాధారణంగా వాటంతటవి అతుక్కోవట. తప్పిన ప్రతిసారీ ఎముకల నడుమ మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి, అదీ చిరిగిందని ఎమ్మారైలో తేలింది. తొడ కండరాలను బలపరచుకుని ఆపరేషన్ లేకుండానే నెట్టుకొచ్చేవారూ ఉన్నారు. నాకు ఆ అవకాశం దాటిపోయింది.

చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో, నా తొడ వెనుక నుంచే తీసిన రెండు స్నాయువులను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మడతపెట్టి, పై ఎముకలోనూ కింది ఎముకలోనూ తొలిచిన సొరంగాల గుండా లాగి బిగించారు. మెనిస్కస్‌ను కుట్టినందువల్ల ఆరు వారాలు చంకకర్రలు తప్పలేదు.

మర్నాడు తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని నొక్కమన్నారు. ఎంత ప్రయత్నించినా తొడ కండరం కదలలేదు. అది నా ఒంటిదేనా అన్న అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చాక అమ్మ ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడితే, ఫిజియోథెరపిస్టు దాన్ని తీసి మడమ కిందికి జరిపారు. “వంచడం తరువాతి సంగతండీ, ముందు కాలు పూర్తిగా చాపగలగాలి. దిండు మోకాలి కింద ఉంటే అది వంగే బిగుసుకుపోతుంది” అన్నారు. “ఎత్తుగా ఉంటే సుఖమనుకున్నానమ్మా” అని అమ్మ నొచ్చుకుంది.

రెండో నెల దాటేసరికి నొప్పి పోయింది, పరుగెత్తాలనిపించింది. అయితే అతికించిన స్నాయువులోకి కొత్త రక్తనాళాలు చేరి, శరీరం దాన్ని మళ్లీ అల్లుకునే ఆ కాలంలోనే అది బలహీనపడుతుందట. నొప్పి లేకపోవడాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన నేను, ఈసారి కొలతనే నమ్మాను. ఆటకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, ఆపైన కుడికాలి సత్తువ ఎడమకాలిలో 90 శాతానికి చేరాలి.

పదో నెలలో ఒంటికాలిపై గెంతిస్తే ఎడమకాలు 142 సెంటీమీటర్లు, కుడికాలు 121 సెంటీమీటర్లు వెళ్లింది. అంటే 85 శాతం. ఈ సంక్రాంతికి జట్టులో నా పేరు రాయవద్దని కుర్రాళ్లకు చెప్పి, పాయింట్లు రాసే పని తీసుకున్నాను.